రేగాకు నీళ్లు

తూంకుంటలో మా ఫ్లాటు బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన, నల్ల ప్లాస్టిక్ సంచిలో ఒక రేగు మొక్క ఉంది. బట్టలు ఆరేస్తుంటే మోచేయి తగిలి ఆకు నలుగుతుంది. ఆ పచ్చి వగరు వాసన సోకితే అందరికీ రేగుపళ్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం కాలిన మాంసం గుర్తొస్తుంది. ఏం చేయను, నా చిన్నతనం వాసన అదే.

శామీర్‌పేట దాటాక మా ఊరు. నాయిన మేకలు కొని అమ్మేవాడు. మా పెరట్లో పెద్ద రేగుచెట్టు ఉండేది. చలికాలం వచ్చిందంటే ముళ్లు గీరుకుంటూ, ఒకరి జుట్టు ఒకరం పీక్కుంటూ పళ్లు ఏరుకునేవాళ్లం. మేం తినగా మిగిలినవాటిని బెల్లం, పచ్చిమిర్చి వేసి దంచి అవ్వ వడియాలు పెట్టేది. పళ్లు మావే కానీ ఆకు మాత్రం మజీదుది. ముస్లిముల ఇళ్లలో ఎవరైనా పోతే మజీదు ఇమాం ముల్లసాబ్ మా గడప ముందు నిలబడి "అవ్వా, ఆకు కావాలె" అనేవాడు. ఆ ఆకు వేసి కాచిన నీళ్లతోనే ఆయన శవానికి స్నానం చేయించేవాడు. నమాజు చదివించేదీ, జడుపు జ్వరం వచ్చిన పిల్లలకు నీళ్లు ఊది ఇచ్చేదీ, ఊళ్లో ఏ ఇంట దావత్ అయినా మేకను కోసేదీ ఆయనే. మేం హిందువులమైనా ముల్లసాబ్ బిస్మిల్లా అనందే మా అవ్వ ఆ కూర ముట్టేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, నడి ఎండాకాలంలో, జీడిమెట్ల దిక్కున ఒక మందుల కంపెనీలో బాయిలర్ పేలింది. మజీదు పక్క గదిలో కిరాయికి ఉంటూ, సాయంత్రం పూట మా ఊరి కుర్రాళ్లతో వాలీబాల్ ఆడే ముగ్గురు బీహారు పిల్లలు అందులో పోయారు. వాళ్ల వాళ్లు రైలెక్కి వచ్చేదాకా ఆగే స్థితిలో శవాలు లేవు. సాయానికి వచ్చిన ఇద్దరు మొదటి శవాన్ని చూడగానే బయటికి పరుగెత్తి గోడ పట్టుకుని కక్కుకున్నారు. ముగ్గురినీ ముల్లసాబ్ ఒక్కడే కడిగాడు. నేను ఆకు గంప దించి పరదా సందులోంచి చూశాను, చూడొద్దన్నారు కాబట్టే చూశాను. ఆయన చెంబుతో నీళ్లు పోస్తున్నాడు తప్ప రుద్దడం లేదు. నీళ్లు పడిన చోటల్లా తోలు ఊడి జారుతోంది. ఒకడి మణికట్టుకు గడియారం పట్టీ కరిగి అతుక్కుపోయింది. ముల్లసాబ్ దాన్ని తీయబోయి, తీయలేక, వంగి దానికి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆ తర్వాత వారం రోజులు మేం కంపెనీ పేలుడు ఆట ఆడాం. ఒకరు ఢాం అనాలి, ముగ్గురు పడిపోవాలి. అమ్మ చీపురు తిరగేసి అందరినీ వాయించింది.

పదిహేను రోజులకు మా తమ్ముడి పుట్టెంటికలు. మూడేళ్లు పెంచిన నల్ల మేకపోతును దానికోసమే ఉంచారు. మెడ మీద పెట్టిన కత్తిని పని పూర్తయ్యేదాకా ఎత్తకూడదన్నది వాళ్ల పద్ధతి, మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. ఆ రోజు ముల్లసాబ్ కత్తిని సగంలో ఎత్తేశాడు. మేకపోతు పట్టు విడిపించుకుని, తెగిన గొంతుతో గురగురమంటూ షామియానా కిందికి దూరి, వడ్డించిన విస్తళ్లు తొక్కి, చుట్టాల తెల్లబట్టలన్నీ ఎరుపు చేసి, అప్పుడే గుండు చేయించుకుని పీట మీద కూర్చున్న తమ్ముడి ఒళ్లో పడి తన్నుకుంది. నున్నటి పసిగుండు మీది నుంచి నెత్తురు కళ్లలోకి కారుతుంటే వాడు ఏడవడం కూడా మరిచిపోయాడు.

నాయిన మేకల కట్టె అందుకున్నాడు.

"నా కొడుకు నెత్తి మీద నెత్తురు పోస్తవారా!"

మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మూతి మీద పడింది. టోపీ ఎగిరిపోయింది, పెదవి చీలింది. ముల్లసాబ్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అవ్వ మధ్యలో పడి "సంపుతవా ఏందిరా!" అని అరిచేదాకా కట్టె ఆగలేదు. నిజం చెప్పాలి, నాకు జాలి కలగలేదు. ఇంకో రెండు పడితే బాగుండుననిపించింది.

అప్పటినుంచి ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. నమాజులో గొంతు మధ్యలోనే ఆగిపోయేది. కత్తి పట్టరాని, నమాజు చదివించరాని మనిషి మనకెందుకని, వచ్చే శుక్రవారం కూడా ఇలాగే అయితే మజీదు ఇచ్చిన గది ఖాళీ చేయాలని మజీదు పెద్దలు తేల్చేశారు. ముల్లసాబుకు పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు. ఆ గది తప్ప తలదాచుకునే చోటు లేదు.

గురువారం పొద్దుటి బస్సుకు మేడ్చల్ నుంచి ఒక ముసలి మౌలానా దిగాడు. ఆయన వెనక చుట్టుపక్కల ఊళ్ల ఇమాంలు నలుగురు. అందరూ మజీదు అరుగు మీద కూర్చున్నారు. ఇమాంల కష్టసుఖాలు వినడానికి మౌలానా ప్రతి గురువారం ఒక్కో మజీదులో ఇలా బైఠక్ పెట్టేవాడట. అవ్వ నా చేతికి మజ్జిగ కుండ ఇచ్చి పంపింది. "సల్ల ఇచ్చి జల్దీ రా" అంది గానీ, నేను స్తంభం చాటున నిలబడిపోయాను.

"మంది బాధలన్నీ మనకు చెప్తరు. మనం ఎవలికి చెప్పుకోవాలె? చెప్పు బేటా" అన్నాడు మౌలానా ముల్లసాబుతో.

ముల్లసాబుకన్నా ముందు బౌరంపేట్ నుంచి వచ్చినాయన, తను కడిగిన ఒక పసిపిల్ల గురించి చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. గడ్డాలున్న మగవాళ్లు అలా ఏడుస్తారని నాకు అప్పుడే తెలిసింది. అప్పుడన్నాడు ముల్లసాబ్:

"పోరడు కాలిపోయిండు గని గడియారం నడుస్తనే ఉండె, మౌలానా. కత్తి పెట్టంగనే మేక నరం వేలు కింద గట్లనే కొట్టుకున్నది."

ఎవరూ ఓదార్చలేదు, నీతులు చెప్పలేదు. అందరూ జరిగి ఆయన పక్కన కూర్చున్నారు. తర్వాత మౌలానా ఆయన్ని చెయ్యి పట్టుకుని నేరుగా మా పెరట్లోకి తీసుకొచ్చాడు.

"ఒక కోడిని పట్టు. ఈడనే పోయింది ధైర్యం, ఈడనే రావాలె" అన్నాడు నాయినతో.

నాయిన పళ్లు నూరుకుంటూనే పుంజును పట్టుకొచ్చి, రెక్కలు మెలేసి కాలి కింద తొక్కిపెట్టాడు. ముల్లసాబ్ చేతిమీద మౌలానా చేయి వేశాడు. చీలిన పెదవి కదిలింది, బిస్మిల్లా వినిపించింది, కత్తి లేవలేదు. రేగుచెట్టు కింద నెత్తురు చిమ్మింది. మర్నాడు శుక్రవారం నమాజు ఆగకుండా సాగింది, గది నిలిచింది. నాయిన మాత్రం తప్పయిందని అనలేదు. ఆ మాట ఆయన నోట రాదులే అని అవ్వ తిట్టేది.

పోయిన చలికాలంలో ముల్లసాబ్ పోయాడు. మా స్థలం అమ్మినప్పుడే చెట్టు పోయింది. డెబ్భై ఏళ్ల నాయిన నా స్కూటీ వెనక కూర్చుని, రేగాకు కోసం లేఅవుట్లన్నీ తిప్పించాడు. అన్నిచోట్లా ఈతచెట్ల లాంటి షోకు చెట్లే, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లే. చివరికి కరీంనగర్ రోడ్డు మీద నర్సరీలో ఆపిల్ రేగు మొక్క దొరికితే సంచితో సహా కొన్నాను. నాయిన అక్కడే మట్టిలో చతికిలబడి, వేళ్లకు ముళ్లు దిగుతున్నా ఒక్క ఆకు మిగల్చకుండా దూశాడు.

స్నానం చేయించిన కొత్త ఇమాం పాతికేళ్లు నిండని పిల్లవాడు, సిద్దిపేట దిక్కు నుంచి వచ్చాడు. శవాన్ని కడగడం అతనికి అదే మొదటిసారి. బయటికొచ్చాక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాయిన వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"ఏం జూసినవో చెప్పు బిడ్డా."

"పెదివి మీద పాత గాటున్నది తాతా. ఎవలో కొట్టినట్టున్నది."

నాయిన తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేనే కొట్టిన" అన్నాడు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, అక్కడ కార్లు నిలుపుతున్నారు. మౌలానా పోయాక గురువారం బైఠక్ కూడా పోయింది. కొత్త ఇమాం మాత్రం గురువారాలు మా ఫ్లాటుకు వస్తాడు. నాయినా అతనూ బాల్కనీలో, మళ్లీ చిగురించిన ఆ మొక్క దగ్గర, కుర్చీలేసుకుని కూర్చుంటారు. నేను సల్ల ఇచ్చి తలుపు దగ్గరికి వేసి వచ్చేస్తాను. ఇప్పుడు చాటున నిలబడి వినను.