ఆ వరుస నాది

ఏలూరులో ఒక మందుల షాపు మీద రెండు గదుల్లో మా ఆఫీసు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో ఆక్సిజన్ ఎంత ఉందో మీటరుతో కొలిచి, తగ్గితే రైతు ఫోనుకు కబురు పంపే ప్రోగ్రాం మేం తయారుచేశాం. మొదట్లో రాసేవాళ్లం ఇద్దరమే. నేను పెద్దవాణ్ణి. రెండో ఆవిడ తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్లో వచ్చేది. వాళ్ల నాన్నగారికి అక్కడ ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. ఆవిడ గురించి కొన్నేళ్లుగా ఒక తప్పుడు మాట తిరుగుతోంది. దాన్ని తిప్పింది నేనే.

నా కంప్యూటర్లో విండోస్ ఉండేది. ఆవిడ లాప్‌టాప్ పాతది, విండోస్ మోయలేకపోతోందని లైనక్స్ వేసుకుంది. ఇద్దరం రాసినవి ఒకచోట చేర్చడానికి వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. ప్రోగ్రాంలో ఏ వరుస ఎవరు రాశారో, ఎప్పుడు మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. అందులో ఒక చిక్కుంది. ప్రతి వరుస చివర, ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు ఒకటి కంటికి కనిపించకుండా ఉంటుంది. లైనక్స్ ఒక గుర్తు పెడితే విండోస్ రెండు పెడుతుంది. చదివేవాళ్లకు తేడా తెలియదు, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది వేరే వరుస. ఆవిడ చేరిన మొదటి వారంలోనే, ఈ గుర్తులకు ఇద్దరం ఒకటే పద్ధతి పెట్టుకుందాం సార్ అంది. చూద్దాంలే అమ్మా అన్నాను. చూడలేదు.

ఆ ఏడు ముసురు పట్టిన ఒక ఉదయం కలిదిండి దగ్గర ఒక రైతు చెరువులో చేపలు తేలిపోయాయి. మీటరు తీగ ముందురోజే తెగిందట. ఆయన ఫోనులో మాత్రం ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు చూపిస్తూ వచ్చింది. అది నమ్మి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు వేయలేదు. పది గంటలకల్లా ఆయన మా ఆఫీసులో ఉన్నాడు.

ఎందుకలా జరిగిందో నాకు వెంటనే తెలిసింది. మీటరు నుంచి కొత్త అంకె రాకపోతే పాత అంకెనే చూపించమని ఒక వరుస ఉంది. అది నేను రాసిందే. రైతులకు మొదటిసారి చూపించే రోజున తెర ఖాళీగా ఉంటే బాగుండదని రాశాను. తర్వాత తీసేయాల్సింది, మరిచిపోయాను.

మా యజమాని నా వెనక నిలబడి, "ఇది రాసిందెవరండీ?" అని అడిగారు. ఆ సంగతి చెప్పే ఆదేశానికి పేరు బ్లేమ్. నింద అన్నమాట. నొక్కాను. ఫైలు మొత్తం, పై నుంచి కింది దాకా, ప్రతి వరుస పక్కనా ఆవిడ పేరే వచ్చింది. ముందువారం ఆవిడ అందులో ఒక ఊరి పేరు స్పెల్లింగు దిద్దింది. ఫైలు సేవ్ చేసేటప్పుడు ఆవిడ లాప్‌టాప్‌లోని లైనక్స్ వరుసల చివరి గుర్తులన్నీ మార్చేసింది. దాంతో అన్నీ ఆవిడే రాసినట్టు సాఫ్ట్‌వేర్ లెక్కవేసుకుంది. ఇదంతా నాకు తెలుసు.

నేను అబద్ధమాడలేదు. చాలాకాలం ఈ మాట పట్టుకునే బతికాను. అడిగినదానికి, "కనబడుతోందిగా అండీ" అన్నాను, అంతే. రైతు ఆవిడ వైపు తిరిగి నానా మాటలూ అన్నాడు. ఆవిడ తెర వంక చూసి, నా వంక చూసింది. ఆ నెలాఖరున మానేసింది.

ఈ ఏడాది మా పనంతా లైనక్స్ మీదికి మార్చాం. ఎన్నాళ్లుగానో వాయిదా వేసిన ఆ గుర్తుల పని చివరికి నేనే చేశాను. అన్ని ఫైళ్లూ ఒకేసారి మార్చేశాను. అయ్యాక చూస్తే ప్రతి వరుస పక్కనా నా పేరుంది. ఆవిడ కష్టపడి రాసిన భాగాలు, ఇప్పటికీ ఎక్కడా చెడకుండా నడుస్తున్నవి, వాటి పక్కన కూడా నా పేరే.

మర్నాడు తాడేపల్లిగూడెం వెళ్లాను. ఆవిడ ఇప్పుడు మార్కెట్ దగ్గర ఒక గదిలో కొట్లవాళ్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు చేసిపెడుతోంది. కూర్చోమని కాఫీ తెప్పించింది. చెప్పాల్సింది చెప్పాను.

"నాకు తెలుసండీ. చివరి గుర్తుల్ని లెక్కలోకి తీసుకోకుండా చూడమంటే ఆ వరుస పక్కన మీ పేరే వస్తుంది. ఆ మధ్యాహ్నమే చూశాను."

"మరి అప్పుడే చెప్పలేదేమ్మా?"

"మీరు చెబుతారేమోనని చూశాను సార్. నెలాఖరు దాకా చూశాను."

ఆవిడే మళ్లీ అంది. "మా పిన్ని కూతురు మీ దగ్గర ట్రైనింగ్‌కి వచ్చిందండీ. చూసుకోకుండా రాస్తే ఏమవుతుందో మీరు క్లాసులో కథ చెప్పారట. పాపం, నా పేరు చెప్పలేదటలెండి. 'ఒకావిడ' అన్నారట. ఆ ఒకావిడ నేనేనని దానికి చెప్పలేకపోయాను."

ఆ కథ నేను మా ఆఫీసుకు పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించే స్థితికి వచ్చింది.

క్షమించమన్నాను. "నాకు చెప్పిందే మా నాన్నగారికి చెప్పండి. కొట్లోనే ఉన్నారు" అంది.

ఆయన బస్తాల మధ్య చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. కంప్యూటర్ సంగతులు తెలియవు. ఒకరి కాగితం మీద ఇంకొకరి పేరు పడినట్టు అని వివరించాను. పూర్తిగా విన్నారు.

"అయితే తప్పు రాసింది మీరన్నమాట."

"నేనేనండీ."

"చేపలు పోయినాయన కూడా మా అమ్మాయే చేసిందనుకుంటున్నాడా, ఇప్పటికీ?"

అనుకుంటున్నాడన్నాను.

"మరి ఇక్కడ కూర్చున్నారేంటండీ?" అన్నారాయన, గొంతు పెంచకుండానే.

ఆదివారం కలిదిండి వెళ్లాను. రైతు గట్టు మీదే దొరికాడు. నన్ను తిడతాడనుకున్నాను, దానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన మేత బస్తా కింద పెట్టాడు.

"ఆ రోజు ఆ పిల్లని అనరాని మాటలన్నానండీ. మీరు పక్కనే ఉన్నారు" అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. "ఆవిడ నంబరు చెప్పండి."

చెప్పాను. ఆయన నా ముందు మాట్లాడలేదు. గట్టు వెంట అవతలి మూల దాకా నడిచి వెళ్లి, అక్కడ ఆగి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.