మా తాత బేరం నేర్పిన తీరం

మా ఊరి వర్తకుల సంఘం ప్రత్యేక సంచిక వేస్తుంటే, అందులో మా తాత గురించి నేనే రాశాను. ఇంటి గొప్ప బయటివాళ్ల చేత రాయిస్తే తరుగు పోతుందని నా భయం. ‘అమాయకులైన మైపాడు ఆడవాళ్లకు మా తాత బేరం నేర్పించాడు’ అన్నది అందులో ముఖ్యమైన వాక్యం.

దానికి ఆధారం మా ఇంట్లో చెప్పుకునే కథే. ఆ ఆడవాళ్లు ఎండుచేపల గంప మా అంగడి ముందు దించి, బదులుగా ఏం కావాలో కూడా చెప్పలేక నోరు మెదపకుండా కూర్చునేవాళ్లట. తాతే జాలిపడి ఇంత చింతపండు ఇస్తాననేవాడు. అర్థం కాలేదనుకుని ఇంకో గుప్పెడు వేసేవాడు. అప్పటికీ పలక్కపోతే మిరపకాయలు కలిపేవాడు. ఆ చేపలు కోవూరు రైతులకు అమ్ముకునేవాడు.

సంచికలోకి ఫోటో ఒకటి ఉంటే బాగుంటుందని మొన్న మైపాడు సముద్రతీరానికి వెళ్లాను. ఒక ముసలామె ఎండు నెత్తళ్ల చేపలు కుప్ప పోసుకుని కూర్చుంది. ఫోటో తీసుకోనిచ్చింది. ఊరికే పోవడం ఎందుకని కుప్ప చూపించి, “ఎంత పెద్దమ్మా?” అన్నాను.

ఆమె సముద్రం వైపు చూసింది.

“నూటయాభై ఇస్తా.”

నెత్తళ్లకు అంటిన ఇసుక దులిపింది.

“సరే, నూటడెబ్భై.”

ఈగను తోలింది.

“రెండొందలు! ఇంక పైసా ఇయ్యను.”

అప్పుడు సంచి అందుకుంది. పక్కన చేపలు ఏరుతున్నామె పకపకా నవ్వింది. “నూరుకే ఇచ్చేదానివి గదా అత్తా!”

“నేనేం జెప్పినానే? ఆ అబ్బయ్యే వేలం పాడుకున్నాడు. అంగడోళ్ల ముందర నోరు తెరవొద్దనేది మాయమ్మ. మనం మాట్లాడకుంటే వాళ్లకి కడుపుబ్బరమంట.”

ఒళ్లో నెత్తళ్లతో బస్సెక్కి తాత కథ మళ్లీ తిరగేశాను. వాళ్ల అమాయకత్వానికి మూడు తరాలుగా మేం నవ్వుకున్న ప్రతిచోటా తాత చింతపండు పెంచుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి ఆ వాక్యం కొట్టేసి, బేరం నేర్పింది వాళ్లేనని, మాకింకా రాలేదని రాశాను.

సంఘం కార్యదర్శి చదివి కళ్లజోడు తీశాడు. “ఏందన్నా ఇది? మీ తాత పరువు నువ్వే తీస్తుండావే!”

“జరిగిందే రాసినా.”

“జరిగినదానికి సంచిక దేనికన్నా? మా నాయిన గూడా వాళ్ల దగ్గరే కొన్నాడు. రేపు ఆయన గురించి నేనేం రాసుకోవాల?”

పాత వాక్యమే వేస్తానన్నాడు. అదంతా మార్చమన్నాను, కుదరదన్నాడు. సగమన్నా మార్చమన్నాను. చివరికి ‘అమాయకులైన’ అన్న ఒక్క మాట తీయించడానికి రెండుసార్లు టీ తాగించాను. ‘నేర్పించాడు’ మాత్రం తాత బొమ్మ కింద లావుపాటి అక్షరాల్లో అచ్చయింది. మైపాడు ఆమె ఫోటోకు చోటు చాల్లేదన్నారు.