బోర్లించిన గ్లాసు

ఉదయం పది దాటి ఐదు నిమిషాలకు మేడ్చల్‌లోని మా ఇంటి ముందు బైకు ఆగింది. గౌడవెల్లి నుంచి ఒక తండ్రి తన ఐదేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్ల బడిలో ఏదడిగినా ఒక్క మాటతో సరిపెడుతోందని, ఇలాగైతే ఒకటో తరగతిలోకి తీసుకోలేమని టీచరు చెప్పిందట. పిల్లలు మాటల్ని కలిపి వాక్యాలు ఎంతవరకు చెప్పగలుగుతున్నారో చూడటం నా భార్య పని.

బొమ్మలు చూపిస్తే పిల్ల "కుక్క" అంది, "బంతి" అంది, ఊరుకుంది. తండ్రి తల దించుకున్నాడు. నా భార్య బొమ్మలు పక్కన పెట్టి, ఫోన్లో రికార్డింగు నొక్కి, నన్ను పిలిచింది.

"పాపకు నీళ్లియ్యి."

అది మా ఇద్దరి పద్ధతి. నేను గ్లాసు బోర్లించి, దాని మీద పోయడానికి చెంబెత్తాను.

"గట్ల గాదు తాతా! గిలాస సీదా వెట్టు. గట్లనే పోస్తే నీళ్లన్ని కింద వడ్తయి, అవ్వ నిన్ను కొడ్తది!"

"కొట్ట బిడ్డా, తిడ్త అంతే," అంది నా భార్య.

"ఇంట్ల నన్ను గూడ గిట్లనే బెదిరిస్తది మేడం," అన్నాడు తండ్రి, తలెత్తి.

"పోస్తే ఏమైతదో, దాని తర్వాత ఏమైతదో కూడా చెప్పింది. మాటకు లోటు లేదు, కొత్తవాళ్లంటే బెదురు. బడికి అదే రాసిస్త."

ఆ జూన్‌లో పిల్ల ఒకటో తరగతికి వెళ్లింది.

నన్ను సరిదిద్దకుండా ఊరుకున్న పిల్లలు తక్కువ. పిల్లలు నోరు తెరవగానే నా భార్య నా వైపు ఒకసారి చూసేది. ఆమె పోయి రెండేళ్లయింది. మా ఇంట్లో ఇప్పుడు గ్లాసు బోర్లించి నీళ్లు పోయడం లేదు.