ఇశ్రాయేలు ముద్ర

బెంగళూరు బొమ్మసంద్రలో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడిన ఏడాదే నాకు కువైట్‌లో నర్సు ఉద్యోగం ఖాయమైంది. ఇల్లు గట్టెక్కడానికి మాకున్న దారి అదొక్కటే. వీసా పని మొదలయ్యేలోపు మా చర్చి సంఘం వాళ్లు ఇశ్రాయేలు యాత్ర పెట్టారు. మా అత్తకు షుగరు. ఆమెను చూసుకోవడానికి నర్సునని నన్నూ కలిపారు.

మా తెలుగు సంఘానికి ఇశ్రాయేలంటే ప్రాణం. పాస్టరు అయ్యగారు ప్రసంగ వేదిక పక్కనే ఆ దేశపు జెండా పెట్టించారు. యూదులు సొంత నేలకు తిరిగి రావడం బైబిల్లో ముందే చెప్పిన ప్రవచన నెరవేర్పని ప్రతి ఆదివారం చెప్పేవారు. తర్వాత వాళ్ల కోసం గంటసేపు ప్రార్థన. నాకూ యూదులంటే కోపమేమీ లేదు, వాళ్లు పడ్డ బాధలు చదివి ఏడ్చినదాన్నే. మనవాళ్ల అత్యుత్సాహం ఉందే, దానికో దండం.

అప్పట్లో ఇశ్రాయేలులో దిగినవాళ్లకు పాస్‌పోర్టులోనే ముద్ర వేసేవారు. గల్ఫ్‌లో పనిచేసిన స్నేహితురాలు ముందే హెచ్చరించింది. "ఇశ్రాయేలు ముద్ర పాస్‌పోర్టులో పడితే కువైట్ వాళ్లు రానివ్వరు. విడి కాగితం మీద వేయమని అడుగు" అంది. ఇశ్రాయేలు ఎయిర్‌పోర్టులో దిగాక అలాగే అడిగాను. అధికారి కాగితం తీశాడు కూడా. వెనకే నిలబడ్డ అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టి, పాస్‌పోర్టులోనే వేయండి, మేం మీ దేశాన్ని ప్రేమించేవాళ్లం అని ఇంగ్లీషులో చెప్పారు. నేను నోరు తెరిచేలోపు ముద్ర పడిపోయింది.

"దేవుని ప్రజల ముద్రంటే సిగ్గెందుకమ్మా?" అన్నారు నాతో.

"నా ఉద్యోగం పోతుంది అయ్యగారూ."

"ఇశ్రాయేలును ప్రేమించినవాళ్లను దేవుడు వదలడమ్మా."

మా అత్త నా మోచెయ్యి గిల్లింది. "గమ్మునుండుమ్మే, అయ్యగారికే ఎదురు చెప్తావా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

బెంగళూరులో ఏజెంటు ఆ పేజీ చూసి పాస్‌పోర్టు వెనక్కి తోశాడు. "ఇది ఉండాది కదమ్మా, ఇంకేం చేసేది? నువ్వు కొత్త పాస్‌పోర్టు తెచ్చేదాకా వాళ్లు కాచుకోరు. ఇంకొకరిని పంపిస్తాం" అన్నాడు. నోటికాడి కూడు నేలపాలైంది.

ఆ ఆదివారం అయ్యగారు యాత్రలో దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమని పిలిచారు. ముద్ర అందరికీ చూపించమన్నారు. ముందు వరుసలోని ఆడవాళ్లు ఆ పేజీని కళ్లకద్దుకున్నారు. నేను మైకులో ఒక్కటే అడిగాను. "ఇశ్రాయేలు కోసం గంటసేపు ప్రార్థించారు. ఈ ముద్ర వల్ల నా ఉద్యోగం పోయింది. మా ఇంటి కోసం కూడా కాసేపు ప్రార్థించండి."

అయ్యగారు గడియారం చూసుకున్నారు. "వేళయిందమ్మా, ముగింపు కీర్తన పాడదాం" అన్నారు.