యాంటెన్నా కింద నా డ్యూటీ

నిన్న ఓ పాత మేడ మీద తుప్పుపట్టిన యాంటెన్నా చూశాను. గుర్తుందా, పైన ఒకరు తిప్పుతుంటే కింద ఒకరు "వచ్చింది, పోయింది" అని అరవడం?

డెబ్భైల్లో, మస్కట్ దగ్గర సీబ్‌లో నాన్న ఓ కంపెనీలో ఎలక్ట్రీషియన్. బ్రిటిష్ మేనేజరుకి అమెరికా సీరియళ్ల పిచ్చి, పక్కింటి అమెరికన్ ఇంజినీరుకి బ్రిటన్ సీరియళ్ల పిచ్చి.

"పొరుగింటి పుల్లకూర రుచి తల్లీ" అని నాన్న నవ్వేవారు. ఇద్దరి యాంటెన్నాలూ ఆయనే తిప్పేవారు. కింద అరిచే డ్యూటీ నాది.

ఓ సాయంత్రం నాన్న పైన తిప్పుతుంటే మేనేజరు ఇంట్లో బొమ్మ వచ్చింది. పొడవాటి కారు, ఒకటే నవ్వులు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

"వచ్చిందా అమ్మా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. రాలేదనుకుని, ఇంకాస్త తిప్పడానికి పిట్టగోడ ఎక్కారు.

పడిన నాన్న మళ్లీ లేవలేదు.

బొమ్మ అప్పటికే వచ్చేసిందని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.