నాకు పడని సూదిమందు

ఉక్కు ఫ్యాక్టరీ కావాలని గొడవలు జరిగిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున్న మెలకువొచ్చింది గానీ కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు బూరెల్లా పొంగిపోయాయి. వేళ్ల సందుల్లో ఒకటే దురద. ఏ పురుగో పాకి ఉంటుందనుకున్నాను. తడిగుడ్డ అద్దుకుని, తెల్లచీర కట్టుకుని డ్యూటీకి పోయాను. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టినదాన్ని కాదు. ఆ పొగరు నాకు దండిగానే ఉండేది.

నేను స్టాఫ్ నర్సుని. జిల్లా ఆసుపత్రిలో టీబీ వార్డు నాది. వార్డంతటికీ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు నా చేతిమీదుగానే జరిగేవి. గాజు సిరంజీలు ఉడకబెట్టి, మందు కలిపి, సూది పైకెత్తి గాలిబుడగ పోయేదాకా చిమ్మించేదాన్ని. సన్నటి తుంపర మొహం మీద పడేది. కిటికీలోంచి ఎండ తగిలితే ఆ తుంపరలో బెత్తెడు ఇంద్రధనుస్సు కనబడి మాయమయ్యేది. నాకది భలే ముద్దుగా ఉండేది. రోజూ ఒక్క క్షణం ఆగి చూసుకునేదాన్ని కూడా.

నెల తిరిగేసరికి వేళ్లు పగిలి నీరు కారడం మొదలయింది. కాలమైన్ లోషన్ రాశాను. అలర్జీ మాత్రలు మింగాను. ఆ మాత్రల మత్తుకి వార్డు, మంచాలు, దగ్గులు అన్నీ నీళ్ల అడుగునుంచి చూస్తున్నట్టుండేవి. చివరికి స్కిన్ డాక్టరుగారు నా చేతులు వెలుగులో తిప్పి తిప్పి చూసి, వీపు మీద మందు అద్దిన పట్టీ అంటించి ప్యాచ్ టెస్ట్ చేశారు. రెండోరోజుకి అక్కడ రూపాయి బిళ్లంత మేర ఎర్రగా పొంగింది.

"స్ట్రెప్టోమైసిన్ సెన్సిటివిటీ, సిస్టర్. ఇంజెక్షన్లు చేసే నర్సుల్లో చూస్తూంటాం. మందు మంచిదే, మీకే పడదు. వార్డు మార్పించుకోండి" అన్నారు.

నేను వింటేనా! గ్లవ్స్ వేసుకుని మళ్లీ అదే వార్డుకి పోయాను. ఉడికించి ఉడికించి ఆ గ్లవ్సులకి చిల్లులు. స్టెరాయిడ్ మాత్రలు వాడితే తగ్గేది, మానితే రెట్టింపయ్యేది. ఒకరోజు పెదాలు వాచి, ఊపిరందక మంచాల మధ్యనే కూలబడ్డాను. నా పేషెంట్లే నన్నెత్తి పడుకోబెట్టారు. డాక్టరుగారికి కోపమొచ్చేసింది.

"ఇంకోసారి ఆ మందు ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంక మీ ఇష్టం."

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. పెళ్లయిన ఏడాదికే ఆయన పోయారు, పిల్లాపీచూ లేరు. చేతుల్ని నమ్ముకుని బతికినదాన్ని. అవే పనికిరావంటే నేనెందుకు పనికొస్తాను? ఏడ్చాను, దాచడమెందుకు.

పాతపట్నంలో నది ఒడ్డున ఒక రిటైరైన బడిపంతులు ప్రకృతి వైద్యం చేస్తారని మా అక్క పోరు పెట్టింది. మా నర్సులకి అలాంటివంటే నవ్వు. అయినా సెలవు పెట్టి బయల్దేరాను. నౌపడలో పెద్ద రైలుబండి దిగి, సన్నపట్టాల మీద నడిచే చిన్నబండి ఎక్కితే, అది పొలాల మధ్య నిద్రలో నడిచే మనిషిలా సాగింది. దిగి పక్కన నడిచినా అందుకోవచ్చు. కిటికీకి తల ఆనించి, ఎక్కడికి పోతున్నానో కూడా మరిచిపోయాను.

మాస్టారు నా చేతులు చూడనే లేదు. "ఏటమ్మా, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అన్నారు.

మూడు రోజులు తేనె, నిమ్మరసం కలిపిన నీళ్లే. తర్వాత ఉప్పులేని చోడి అంబలి, అదే రాగి జావ, పళ్లు. పొద్దున్న తొట్టిస్నానం, మధ్యాహ్నం పొట్టమీదా కళ్లమీదా చల్లటి మట్టిపట్టీ. కళ్లమీద మట్టి పెట్టాక లోకం లేదు. నది మెల్లగా గులకరాళ్లతో మాట్లాడేది. చిన్నబండి కూత ఒకటి వినిపించేది, నిన్నటిదో ఇవాళ్టిదో తెలిసేది కాదు. ఒక్కోసారి మా అమ్మ వచ్చి పక్కన కూర్చుందనిపించేది. అమ్మ పోయి పదేళ్లు. లేచి చూస్తే ఎవరూ లేకపోయినా బెంగ అనిపించేది కాదు. ఇరవై ఏళ్లలో నా పక్కన అలా ఎవరైనా ఊరికే కూర్చున్నారా? నేను ఎవరి పక్కనైనా కూర్చున్నానా? సూది వేయడం, పక్క మంచానికి పోవడం, అంతేగా!

వానాకాలం వెళ్లేసరికి చేతులకి కొత్త చర్మమొచ్చింది. ఆ మందుకి దూరంగా ఉండటమే సగం వైద్యమని మాస్టారే చెప్పారు. నేను మాత్రం వెనక్కి పోలేదు, మాస్టారికి సాయంగా అక్కడే ఉండిపోయాను. "మతిపోయిందా? ఇరవై ఏళ్ల సర్వీసొదిలేసి మట్టి పూస్తావా?" అంది మా మేట్రన్. పూస్తానన్నాను.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ కొత్తలో నా నోరు ఊరుకునేది కాదు. వచ్చినవాళ్లందరికీ చేతులు చూపించి, "సూదిమందు తినేసిన చేతులివి, మట్టి బాగుచేసింది" అనేదాన్ని. ఆ మాట చిన్నబండెక్కి నౌపడ దాకా పోయింది.

నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే పోలమ్మ అంతకుముందు మా వార్డులో మూడు నెలలుంది. ఇంటికెళ్లాక సూదులు ఊళ్లో కాంపౌండరు చేత వేయించుకోవాలి. ఒక మధ్యాహ్నం ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. సగం మనిషయిపోయింది. నవ్వుతూనే ఉంది గానీ, చెంగు నిండా దగ్గిన నెత్తురు మరకలు.

"ఏటే పోలమ్మా, ఇలాగయిపోయావు? సూదులు ఏయించుకోవట్లేదా?"

"మానేసినాను సిస్టరమ్మా. సూదులేసే తల్లివి, నువ్వే ఒగ్గేసినావట. మరి నాకెందుకది? నాకూ మట్టెట్టు."

మాస్టారు ఆవిడ చెంగు చూశారు, నన్ను చూశారు. "ఈవిడికి మట్టి కాదమ్మా, సూది కావాలి. పాడుసేసింది నువ్వు. నువ్వే తీసుకెళ్లు" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎంత బతిమాలినా పోలమ్మ ఒకటే మాట. "నువ్వు దగ్గరుంటేనే ఏయించుకుంటాను. నీకు సెడ్డదయింది నాకు మంచిదెలగవుతాది?" వెంటబెట్టుకుని మా పాత వార్డుకే తీసుకెళ్లాను. అక్కడి డాక్టరుగారు నన్ను నాలుగు తిట్టి, పోలమ్మకి గుమ్మం పక్క మంచమిప్పించారు. "మీరు గుమ్మం బయటే ఉండండి. ఏమాత్రం ఆయాసమొచ్చినా చెప్పండి" అన్నారు.

కొత్త సిస్టరు సూది పైకెత్తి చిమ్మించింది. ఎండలో తుంపర మెరిసింది. పోలమ్మ పళ్లు బిగించి వేయించుకుంది. కాసేపటికి నా రెప్పలు బరువెక్కాయి, వేళ్లు మండాయి. కదలకుండా నిలబడ్డాను. పోలమ్మ తన ఒళ్లంతా తడుముకుని, తలెత్తి నా మొహం చూసింది.

"ఓలమ్మో! సూది నాకేత్తే కళ్లు నీకుబ్బినాయేటి?" మళ్లీ తన చేతులు తిప్పి చూసుకుంది. "నాకేటీ అవలేదు. అయితే అది నీ రోగమా తల్లీ? నాది కాదా?"

"నాదే పోలమ్మా. నా ఒక్కదానిదే."

"మరయితే నువ్విక్కడెందుకు? ఎల్లిపో, బేగెల్లిపో! నాను ఏయించుకుంటాను."

మందు మంచిదే, నాకే పడదని ప్యాచ్ టెస్టు చేసి మరీ చెప్పినా నా తలకెక్కనిది ఆవిడకి ఒక్క చూపుకే తెలిసిపోయింది. వరండాలో కూర్చుని ఏడ్చాను, నవ్వాను.

పోలమ్మ కోర్సు పూర్తిచేసింది. కఫం పరీక్షలో ఇప్పుడేమీ లేదు. ఎప్పుడైనా వచ్చి అంబలి తాగి, కళ్లమీద మట్టిపట్టీ పెట్టించుకుని గురకపెట్టి నిద్రపోతుంది. నేను పక్కన ఊరికే కూర్చుంటాను. అదే ఇప్పుడు నా ఉద్యోగం, నాకిష్టమైనది. కొత్తవాళ్లెవరొచ్చినా, మట్టి తడపక ముందే అడుగుతాను: ఏ మందు వాడుతున్నారు, ఏది మానేశారు, ఎవరు మానమన్నారు?

చదివేవాళ్లకి నేను చెప్పేదొకటే. ఇంకొకరి ఒంటికి పడలేదని మీ మందు మానకండి. మానాలనిపిస్తే రాసిన డాక్టరునే అడగండి. అడగడానికి బెదురైతే పాతపట్నం రండి, మీతో బయల్దేరతాను. వార్డు గుమ్మం దాకా వస్తాను. లోపలికి మాత్రం మీరే వెళ్లాలి.