బ్రేకు మీద కాలు

మా ఆయన ఆ బండి ఇంటికి తెచ్చిన రోజు నుంచీ నాకు దాని మీద అనుమానమే. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు తిప్పిన పికప్ అది. పని అయిపోయాక కాంట్రాక్టరు అమ్మేస్తే మా ఆయన ఎగిరి గంతేసి కొన్నాడు. మామూలు బండికి ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుందట, దీనికి డాష్‌బోర్డు మీదున్న గుండ్రటి స్విచ్ తిప్పితే ముందు చక్రాలకు కూడా అందుతుందట. ఆయనది బోరు మోటర్లు దించే పని. శంషాబాద్ నుంచి మహేశ్వరం దాకా మెట్ట చెలకల్లో, కొత్తగా గీసిన ప్లాట్లలో, రాళ్ళలో, బురదలో తిరగాలి. "గిసొంటి బండి ఈ చుట్టుపక్కల ఎవ్వనికి లేదు," అని మురిసిపోయేవాడు. ఎవరికీ ఎందుకు లేదో కూడా ఆలోచించాలి కదా మనిషన్నాక!

ఆ స్విచ్ మాట వినేది కాదు. మంచి రోడ్డు మీద పోతుంటే దానంతటదే లైటు మిణుకుమనేది, కాళ్ళ కింద ఏదో కటకటమని కొట్టుకునేది. నాకేమో బండి నడపడం రాదు. పక్కసీట్లో తలుపు పట్టుకుని కూర్చుని "మెల్లగ, పైలం, ఆపు" అని అరవడమే నా పని. పిల్లి అడ్డం వచ్చినా అరుస్తాను, లారీ ఎదురొచ్చినా అరుస్తాను. అందుకే మా ఆయనకు నా అరుపులు చెవిన పడడం ఏనాడో మానేశాయి.

చివరికి ఒకరోజు మైలార్‌దేవ్‌పల్లిలో బండ్ల కరెంటు పని చేసే భాయ్‌కి చూపించాడు. నేనూ బండిలోనే ఉన్నాను. భాయ్ డాష్‌బోర్డు కింద తల దూర్చి ఒక నల్లటి డబ్బా ఊడదీశాడు. స్విచ్ తిప్పితే ఆ డబ్బాకు తెలుస్తుంది, ఆ డబ్బా చెబితే బండి కిందున్న చిన్న మోటరు తిరిగి చక్రాలకు బలం కలుపుతుంది. డబ్బాలోకి నీళ్ళు పోయి పచ్చగా చిలుము పట్టింది.

"పూరా ఖరాబ్ అయింది భయ్యా," అన్నాడు భాయ్. "వేరే డబ్బా ఇస్త. బండి ఇయ్యాల్ల ఈడ్నే ఇడ్సిపో, కింద మోటర్ గూడ చూస్త."

"టైం లేదు భాయ్. డబ్బా ఇయ్యి, నేనే పెట్టుకుంట."

భాయ్ పాతదాన్ని మళ్ళీ తగిలించి, కొత్తది చేతికిస్తూ అన్నాడు. "జర పైలం. మోటర్ నడిమిట్ల ఆగిందనుకో, గేర్ పట్టది. నువ్వు గేర్ల ఏసినా బండి ఖుల్లా ఉంటది, జారిపోతది."

మా ఆయన తలూపాడు. ఆ తల దేనికైనా ఊగుతుంది. డబ్బాను డాష్‌బోర్డు అరలో పడేశాడు, రేపు పెడతా, ఎల్లుండి పెడతా అంటూ దాని సంగతే మరిచిపోయాడు.

మా చెల్లె బిడ్డకు తొట్టెల చేస్తున్న రోజు అది. తుక్కుగూడలో చెల్లె అత్తగారింట్లో పాపను తొట్టెలో వేసే వేడుక. నేను పట్టుచీర కట్టుకుని బండెక్కాను. దారిలో మహేశ్వరం దిక్కున్న ఒక చెలకలో మోటరు చూడాలి, ఐదు నిమిషాల పని అన్నాడు. ఈయన ఐదు నిమిషాలు నాకు తెలియనివా! తిట్టుకుంటూనే ఊరుకున్నాను.

చెలకకు పోయే దారిలో నున్నటి పరుపుబండ ఒకటి ఏటవాలుగా ఉంది. సగం ఎక్కాక టైరు జారింది. ఆయన స్విచ్ తిప్పాడు. కింద ఏదో టక్కుమంది. ఇంజను గట్టిగా మొత్తుకుంటోంది గానీ బండి ముందుకు పోవడం లేదు, మెల్లగా వెనక్కి జారుతోంది. నేను అరిచాను. ఆయన బ్రేకు తొక్కి ఆపాడు. చెలక గల రైతు పరుగెత్తుకొచ్చి వెనక టైరు కింద రాయి పెట్టాడు. హ్యాండ్ బ్రేకు తీగ తెగి ఎన్నాళ్ళయిందో. మా వైపు దాన్ని ఎవరు పట్టించుకుంటారు, గేర్లో పెట్టి టైరు కింద రాయి పెడితే అదే బ్రేకు.

రైతు ట్రాక్టరు తెస్తానని ఊళ్ళోకి పోయాడు. మా ఆయన ఇంజను ఆపి, బండిని గేర్లో పెట్టి, అరలోంచి కొత్త డబ్బా తీశాడు. పాతది ఊడదీసి అక్కడే కొత్తది బిగించాడు. స్విచ్ తిప్పితే కింద చప్పుడే లేదు.

"మోటర్ పట్టేసింది. కిందికెళ్ళి రెండు దెబ్బలు ఏస్తె కదుల్తది. నువ్వు నా సీట్ల కూసో, నేను చెప్పినప్పుడు స్విచ్ తిప్పు."

నేను తలుపు గట్టిగా పట్టుకున్నాను. "వద్దయ్యా. భాయ్ ఏమన్నడు? గేర్ పట్టదన్నడు కదా. ట్రాక్టర్ రానియ్యి."

"కదలని బండి ఏడికి పోతదే? నీకు నిలబడ్డ బండన్నా భయమే!" నవ్వుకుంటూ సుత్తి పట్టుకుని, ముందు టైరు వెనక నుంచి కిందికి దూరాడు.

కింద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఒక్కో దెబ్బకు బండి సన్నగా ఊగుతోంది. నేను చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆయన సీట్లో కూర్చున్నాను. అప్పుడు వెనక రాయి బండ మీద గీసుకుపోయిన చప్పుడు వినిపించింది. ముందున్న తుమ్మచెట్టు నాకు దూరం జరిగింది. చెట్టు జరుగుతుందా! జరుగుతోంది మేమే. ఏ పెడలు ఏదో కూడా ఆలోచించలేదు, ఆయన ఎప్పుడూ తొక్కే దాన్ని రెండు కాళ్ళతో తొక్కేశాను. బండి ఆగింది. జానెడు జరిగి ఉంటుంది.

సుత్తి చప్పుడు లేదు. మనిషి మాట లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి నాకు.

"ఏమయ్యా!" అన్నాను.

"బ్రేక్ మీద ఉన్నవా?" కింద నుంచి సన్నగా వచ్చింది మాట.

"ఉన్న."

"తియ్యకు. నా అంగి టైర్ కింద వడ్డది. టైర్ బుజానికి ఆనింది. రెండో చెయ్యి అందుతలేదు."

దేవుడా! ఆ మాట విన్నాక నాకు అరుపు కూడా రాలేదు. ఇంజను ఆగి ఉంది కదా, పెడలు రాయిలా గట్టిగా ఉంది. ఎంత తొక్కినా చాలదేమోనని ఇంకా తొక్కుతున్నాను. ఆయన అంగి గుంజుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. పనికని వేసుకున్న మందపాటి ఖాకీ గుడ్డ అది, చినగదు. రైతు వస్తాడేమోనని అద్దంలోకి చూస్తే బాట మీద పురుగు లేదు. నేను దిగి గుడ్డ కోస్తే మనిషి బయటికొస్తాడు. నేను దిగితే బండి జరుగుతుంది. జరిగితే ముందు ఆ భుజం, ఆ తర్వాత తల. నా కాళ్ళు తొడల దాకా వణకడం మొదలుపెట్టాయి. వణకొద్దే అని వాటినే తిట్టుకున్నాను.

"ఇను," అన్నాడు. "స్విచ్ తిప్పు. మోటర్ పట్టిందంటే గేర్ బండిని పట్టుకుంటది. అప్పుడు నువ్వు దిగొచ్చు."

"ఉల్టా తిరిగితే?"

ఏదో అన్నాడు గానీ వినబడలేదు. సరిగ్గా మా నెత్తిమీదుగా విమానం దిగుతోంది. దాని మోతకు అద్దాలు గడగడ కొట్టుకున్నాయి. ఆ రొదలో ఆయన కింద కేక పెట్టినా నాకు తెలియదే అని ఏడుపొచ్చింది. మోత పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని పెడలు తొక్కుతూ కూర్చున్నాను.

"ఉన్నవా అయ్యా?"

"ఉన్న. తిప్పు."

కాలు కదలకుండా నడుము మాత్రం వంచి ఆ పాడు స్విచ్ పట్టుకుని తిప్పాను. కింద కిర్రుమని మోటరు తిరిగింది. ఆగిపోయింది. ఇంకేమీ కాలేదు.

"పట్టలే," అన్నాడు. చేతనైన కాడికి రెండు దెబ్బలు వేశాడు. ఆ దెబ్బలకు బండి ఊగిన ప్రతిసారీ నేను చచ్చి బతికాను. "మల్ల తిప్పు."

మళ్ళీ తిప్పాను. కిర్రుమంది. టక్కుమంది. బండంతా ఒక్కసారి ఉలిక్కిపడింది.

"పట్టింది! ఇగ కాలు తీసి దిగు. ఎనక పెట్టెల కత్తి ఉంటది, తీస్కరా."

"పట్టకుంటె?"

"పట్టిందే, నాకు ఇనబడ్డది."

"నీకు అన్నీ ఇనబడ్తయి! భాయ్ చెప్పింది ఎందుకు ఇనబడలే?" ఆ సమయంలో కూడా ఎట్లా వచ్చిందో నాకు ఆ మాట. ఆయన మాత్రం, "నా చెయ్యి తిమ్మిరెక్కుతున్నది," అన్నాడు అంతే.

ముందు ఎడమ కాలు తీశాను. కుడికాలిని కొంచెం కొంచెంగా లేపుతున్నాను. పెడలు నా అరికాలిని వెన్నంటి పైకి లేచింది. బండి వెనక్కి ఒరిగింది. కింద "అవ్వా!" అన్నాడు. నేను మళ్ళీ తొక్కబోయాను. కానీ బండి అక్కడే ఆగింది. ఒరిగింది, ఆగింది, ఇక కదల్లేదు. కాలు పూర్తిగా గాల్లోకి లేపి, ఊపిరి తీయకుండా తుమ్మచెట్టు వైపే చూశాను. అది ఉన్నచోటే ఉంది.

దూకాను. చేతికందిన రాళ్ళన్నీ మిగతా మూడు టైర్ల వెనకా ఎత్తి పడేశాను. కత్తి తీసుకుని పట్టుచీరతోనే బండ మీద పడుకుని, ఆయన భుజం దగ్గర గుడ్డ కోశాను. తొందరలో ఆయన చర్మం కూడా గీరుకుపోయింది. పాక్కుంటూ బయటికొచ్చి బండ మీద కూర్చున్నాడు. భుజం మీద టైరు అచ్చు పడి ఎర్రగా కమిలి ఉంది. దాన్ని చూసి బావురుమన్నాను. ఆ తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయన్ని, బండిని, దాన్ని అమ్మిన కాంట్రాక్టరుని, ఆఖరికి ట్రాక్టరుతో అప్పుడే వచ్చిన ఆ రైతుని కూడా.

ట్రాక్టరుతో బండిని బండ దింపుకుని తుక్కుగూడ చేరేసరికి పాటలు పాడేవాళ్ళు సగం అలసిపోయారు. మా ఆయన కోసిన అంగి భుజం మీద తువ్వాల కప్పుకుని టెంటు కింద మగవాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎందుకు ఆలస్యమైందంటే బండి ఆగిందని చెప్పాం, అంతకుమించి ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మను కదా, తొట్టెలో నేనే వెయ్యాలని చెల్లె పాపను నా చేతుల్లో పెట్టింది. పాపను ఎత్తుకుని నిలబడగానే నా కుడికాలు తొడ నుంచి వణకడం మొదలైంది. ఆపుదామన్నా ఆగదు. పసిదాన్ని ఎక్కడ జారవిడుస్తానోనని ప్రాణం గిలగిలలాడింది. "తీస్కోండి, తీస్కోండి" అని పాపను చెల్లె చేతికిచ్చి అక్కడే చాప మీద కూలబడ్డాను.

ఆయన చూసినట్టున్నాడు. చేతిలో విస్తరి పక్కన పెట్టి, ఆడవాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి నా పక్కన కింద కూర్చున్నాడు. పదిమందిలో నన్ను పేరు పెట్టి కూడా పిలవని మనిషి, అందరూ చూస్తుండగా నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా అదిమి పట్టాడు.

"ఏంది బావా, అక్కను జరసేపు గూడ ఇడ్సిపెట్టి ఉండవా?" అంది చెల్లె. ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. ఆయన తల ఎత్తలేదు. నా కాలెంత వణుకుతోందో ఆయన చెయ్యీ అంతే వణుకుతోంది. ఆ వణుకు తగ్గేదాకా అక్కడి నుంచి లేవలేదు.